ఫోన్‌లో బాగానే వస్తోంది, ల్యాప్‌టాప్‌లోనే వైఫై తెగిపోతోంది: ఎక్కడ నుంచి వెతకాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: హైదరాబాద్ నిజాంపేటలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. వంద ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. వైఫై పెట్టె (రూటర్) హాల్లో టీవీ వెనకాల ఉంది, మీరు లోపలి బెడ్‌రూమ్‌లో కూర్చుని పని చేసుకుంటారు. ఆఫీసు కాల్ మధ్యలో ల్యాప్‌టాప్‌కి వైఫై పోయి, అర నిమిషంలో దానంతటదే మళ్ళీ వస్తోంది. ఫోన్‌లో ఏ ఇబ్బందీ లేదు. నెట్ వాళ్ళ మనిషి వచ్చి తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి, లైన్ బాగుంది, ల్యాప్‌టాప్ చూపించుకోండి అని వెళ్ళిపోయాడు. ల్యాప్‌టాప్ షాపులో విండోస్ మళ్ళీ వేయాలన్నారు. వేయించాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే వేయించకండి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అవుతుంది. పైగా షాపులో వేసే విండోస్‌తో పాటు వైఫై డ్రైవర్ (వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) కూడా ఏదో ఒకటి పడుతుంది, దాంతో కొత్త తలనొప్పి మొదలవుతుంది. ముందు తెగుతున్నది ఎక్కడో తెలియాలి. ల్యాప్‌టాప్ నుంచి పెట్టె దాకా ఒక దారి, పెట్టె నుంచి బయటికి ఇంకో దారి. ఏ దారిలో తెగుతోందో తేల్చకుండా సెట్టింగులు మారుస్తూ పోతే, ఒకవేళ బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. నెల తర్వాత మళ్ళీ మొదలైతే మళ్ళీ మొదటికే వస్తారు.

"ఫోన్‌లో బాగుంది" అన్న మాటను మాత్రం నేను సాక్ష్యంగా తీసుకోను. వైఫై కాస్త నీరసపడగానే చాలా ఫోన్లు చప్పుడు చేయకుండా సిమ్ డేటాకి మారిపోతాయి. పైన గుర్తు మారిందా లేదా అని ఎవరూ చూస్తూ కూర్చోరు. ఇక వీడియోలంటారా, వాటిని ఫోన్ ముందే కొంత దించుకుని పెట్టుకుంటుంది కాబట్టి ఇరవై సెకన్లు నెట్ లేకపోయినా వీడియో ఆగదు. ఆఫీసు కాల్‌కి ఆ సౌకర్యం లేదు, రెండు సెకన్లు ఆగినా అవతలి వాళ్ళు మీ మొహం బిగుసుకుపోయిందంటారు. అందుకని మొదట చేయాల్సింది ఇది: ఫోన్‌లో మొబైల్ డేటా పూర్తిగా ఆపేసి, ల్యాప్‌టాప్ పెట్టుకునే టేబుల్ మీదే ఫోన్ పెట్టి, ఒక గంట వాట్సాప్ వీడియో కాల్ నడపండి. హాల్లో సోఫాలో కూర్చుని చేస్తే లాభం లేదు, అదే టేబుల్ మీద చేయాలి. ఫోన్ కూడా తడబడితే ల్యాప్‌టాప్ మీద అనుమానం సగం తగ్గిపోయినట్టే.

రెండోది పింగ్ పరీక్ష, అంటే ఒక అడ్రస్‌కి చిన్న సందేశం పంపుతూ జవాబు వస్తోందా, ఎంతసేపట్లో వస్తోంది అని చూడటం. ఇది చూడటానికి చాదస్తంగా ఉంటుంది కానీ దీన్ని మించిన పరీక్ష లేదు. కమాండ్ ప్రాంప్ట్ (విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి 'ఐపీకాన్ఫిగ్' అని ఇంగ్లీషులో కొడితే వైఫై విభాగంలో 'డీఫాల్ట్ గేట్‌వే' అని ఒక అడ్రస్ కనిపిస్తుంది. అది మీ పెట్టె అడ్రస్. చాలా ఇళ్ళలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, జియో ఫైబర్ అయితే 192.168.29.1. ఇప్పుడు రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు పక్కపక్కన పెట్టుకోండి. ఒకదాంట్లో 'పింగ్', ఖాళీ, ఆ గేట్‌వే అడ్రస్, ఖాళీ, మైనస్ గుర్తు, టి అక్షరం. రెండోదాంట్లో అదే కమాండ్, అడ్రస్ మాత్రం 8.8.8.8, అంటే గూగుల్ వాళ్ళ సర్వర్. రెండూ ఆగకుండా వరస కడుతూ పోతాయి. మీ పని మీరు చేసుకోండి. కాల్ తెగిన క్షణంలో ఆ కిటికీలు చూడండి.

రెండు కిటికీల్లోనూ ఒకేసారి జవాబులు ఆగిపోతే తెగింది ల్యాప్‌టాప్‌కీ పెట్టెకీ మధ్య. గేట్‌వే కిటికీ నిక్షేపంగా నడుస్తూ 8.8.8.8 మాత్రం ఆగితే ల్యాప్‌టాప్ తప్పేమీ లేదు, పెట్టె నుంచి బయటికి వెళ్ళే దారిలో తేడా. రెండూ నడుస్తున్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే డీఎన్ఎస్ (సైట్ పేరుని అడ్రస్‌గా మార్చే ఏర్పాటు), లేదా ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే సాఫ్ట్‌వేర్), లేదా యాంటీవైరస్. ఈ మూడోది మీ లక్షణాలకి సరిపోవడం లేదు కాబట్టి దాని జోలికి వెళ్ళను. కాకపోతే వీపీఎన్ వాడుతుంటే, అది ఆపినప్పుడు కూడా తెగుతోందా అన్నది ఒకసారి చూసుకోండి.

ఆగినప్పుడు అక్కడ ఏమని రాసిందో కూడా గమనించండి. 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అంటే ల్యాప్‌టాప్ తన వంతు పంపింది, జవాబు రాలేదు. 'జనరల్ ఫెయిల్యూర్' అంటే ఆ క్షణంలో ల్యాప్‌టాప్‌కి అసలు నెట్‌వర్కే లేదు, వైఫై కార్డు (ల్యాప్‌టాప్ లోపల వైఫైని పట్టుకునే భాగం) పెట్టె చెయ్యి వదిలేసింది. మొదటిది ఎక్కువగా సిగ్నల్ బలహీనత వల్లా, రద్దీ వల్లా వస్తుంది. రెండోది డ్రైవర్, పవర్ సేవింగ్, కార్డు వైపు చూపిస్తుంది. మధ్యమధ్యలో తెగకపోయినా, గేట్‌వేకి రెండు మూడు మిల్లీసెకన్లలో రావాల్సిన జవాబు ఉన్నట్టుండి మూడు నాలుగు వందలకి ఎగబాకుతుంటే అదీ రాసి పెట్టుకోండి. కాల్‌లో మాట ముక్కలు ముక్కలుగా వినపడేది అప్పుడే.

మీ వివరాలు చూస్తే తెగుతున్నది ల్యాప్‌టాప్‌కీ పెట్టెకీ మధ్యే అని నా అనుమానం. ఫైబర్ పెట్టె ఆగి మళ్ళీ మొదలైతే తేరుకోవడానికి మామూలుగా నిమిషం పైనే, కొన్నిటికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మీకు అర నిమిషంలోనే వచ్చేస్తోంది. అది వైఫై కార్డు వదిలేసి మళ్ళీ పట్టుకునే తీరు.

విండోస్ తనంతట తానే రాసి పెట్టుకునే చిట్టా ఒకటుంది, దాన్ని చాలామంది చూడరు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మూడు ఇంగ్లీషు పదాలు కొట్టాలి. మొదటిది ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్. రెండోది డబ్ల్యూ, ఎల్, ఏ, ఎన్. మూడోది 'షో'. వీటి తర్వాత ఖాళీ వదిలి, డబ్ల్యూ, ఎల్, ఏ, ఎన్ అక్షరాలకి 'రిపోర్ట్' అతికించి ఒకే పదంగా కొట్టండి. గడిచిన మూడు రోజుల్లో వైఫై ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఎందుకు తెగింది అన్నీ ఒక పేజీగా తయారవుతాయి. ఫైల్ ఎక్కడ పెట్టిందో అక్కడే చూపిస్తుంది, బ్రౌజర్‌లో తెరవండి. తెగిన చోట ఎర్ర గుర్తులుంటాయి, వాటి మీద నొక్కితే కారణం వస్తుంది. 'డిస్కనెక్టెడ్ బై ద డ్రైవర్' అని మళ్ళీ మళ్ళీ ఉంటే కళ్ళు మూసుకుని డ్రైవరే పాడైందనుకోకండి. సిగ్నల్ చేజారినా విండోస్ ఆ మాటే రాస్తుంది. ఇక్కడ కారణం కంటే సమయాలు ముఖ్యం. వాటిని మీ కాల్ తెగిన సమయాలతో పోల్చి చూడండి.

అదే కమాండ్‌లో చివరి పదం బదులు 'ఇంటర్‌ఫేసెస్' అని కొడితే ప్రస్తుతం మీరు ఏ చానెల్‌లో ఉన్నారు, సిగ్నల్ ఎంత శాతం, స్పీడ్ ఎంత అని వస్తుంది. విండోస్ 11 కొత్త వెర్షన్లలో దీనికి లొకేషన్ పర్మిషన్ కావాలి, అడిగితే ఇవ్వండి. విండోస్ లెక్కలో వంద శాతం అంటే -50 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలం తక్కువ), సున్నా శాతం అంటే -100. అంటే 70 శాతం దగ్గర -65 డీబీఎం, వీడియో కాల్‌కి నికరంగా సరిపోతుంది. 50 శాతం అంటే -75. అక్కడ వెబ్‌పేజీలు వస్తాయి, కాల్ మాత్రం చుక్కలు చూపిస్తుంది. పని టేబుల్ దగ్గర ఒకసారి, హాల్లో పెట్టె పక్కన ఒకసారి ఈ అంకె చూసి రాసుకోండి.

'రిసీవ్ రేట్' (కార్డు అందుకుంటున్న స్పీడు, ఎంబీపీఎస్‌లో) కూడా చూడండి. వైఫై 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రేడియో బ్యాండ్లలో నడుస్తుంది. పెట్టె పక్కనే కూర్చున్నా అది 2.4 గిగాహెర్ట్జ్‌లో 72 దాటకపోయినా, 5 గిగాహెర్ట్జ్‌లో 433 దగ్గరే ఆగినా, మీ ల్యాప్‌టాప్‌లో ఒకే యాంటెన్నాతో పనిచేసే కార్డు ఉండి ఉండవచ్చు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి డబ్బా మీద పెద్దక్షరాలతో వేస్తారు గానీ వైఫై కార్డు సంగతి ఎవరూ చెప్పరు. మీ ఫోన్‌లో రెండు యాంటెన్నాలుంటే అదే గదిలో దానికి బాగుండి ల్యాప్‌టాప్‌కి బాగాలేకపోవడంలో వింతేమీ లేదు.

ల్యాప్‌టాప్ కార్డుదే తప్పా అని తేల్చడానికి పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని వైఫైకే కలిపి ఉంచి, మొబైల్ డేటా ఆపేసి, చార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ ఫోన్ కార్డు ద్వారా అదే వైఫై వాడుకుంటోంది. టేబుల్, గది, పెట్టె, విండోస్ ఏవీ మారలేదు, మారింది వైఫై కార్డు ఒక్కటే. ఇలా ఒక పూట ఆఫీసు పని చేసినా ఎక్కడా తెగకపోతే దొంగ దొరికినట్టే. కేబుల్ డేటాకి పనికొచ్చేదై ఉండాలి సుమా, కొన్ని చవక కేబుళ్ళు చార్జింగ్‌కి తప్ప ఎందుకూ పనికిరావు. ముఖ్యమైన మీటింగ్ ఉన్న రోజు అత్యవసర ఏర్పాటుగా కూడా ఇది బాగా ఆదుకుంటుంది.

కార్డు వైపు తేలిందనుకుందాం. అప్పుడు ముందు అడిగేది ఒకటే: చార్జర్ పెట్టినప్పుడు కూడా తెగుతోందా, బ్యాటరీ మీద ఉన్నప్పుడేనా? బ్యాటరీ మీదే అయితే పవర్ సేవింగ్. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపేసుకోవచ్చు అన్న టిక్కు తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే ఉండదు, కంగారు పడకండి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో 'వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్' కనిపిస్తే బ్యాటరీకీ చార్జింగ్‌కీ రెండిటికీ 'మాక్సిమమ్ పెర్ఫార్మెన్స్' పెట్టండి.

తర్వాత డ్రైవర్. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి అక్కడిది దించుకోండి, ఇంటెల్ కార్డయితే ఇంటెల్ సైట్‌లోదైనా సరే. 'డ్రైవర్ అప్‌డేటర్' అని ప్రకటనల్లో కనిపించే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. మీ ఇబ్బంది ఏదైనా విండోస్ అప్‌డేట్ తర్వాత మొదలైతే కొత్తది వేయడం కాదు, డివైస్ మేనేజర్‌లోనే 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కి పాతదానికి వెళ్ళాలి. ఇది చేశాక షట్ డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ షట్ డౌన్‌లో పూర్తిగా ఆగదు, పాత స్థితిని దాచుకుని పొద్దున అక్కడ్నుంచే లేస్తుంది. నెట్‌వర్క్ రీసెట్ అనేది ఇవన్నీ అయ్యాక, చివర్న. అది వైఫై పాస్‌వర్డ్‌లన్నీ చెరిపేస్తుంది, ఆఫీసు వీపీఎన్ మళ్ళీ వేసుకోవాల్సి రావచ్చు, ఐటీ వాళ్ళని అడగకుండా చేయకండి.

ఇక ల్యాప్‌టాప్ ఎప్పుడైనా విప్పించారా? స్క్రీన్ మార్చారా, హింజ్ బాగు చేయించారా? ఇది తప్పకుండా చెప్పండి. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై యాంటెన్నాలు స్క్రీన్ చుట్టూ ఉండే అంచులో ఉంటాయి. అక్కడ నుంచి సన్నటి తీగలు, మామూలుగా ఒకటి నలుపు ఒకటి తెలుపు, హింజ్ పక్కనుంచి కిందికి దిగి కార్డు మీద మిరియపు గింజ కంటే చిన్న ఇత్తడి బొత్తాలకి టక్కున బిగుసుకుంటాయి. విప్పి మళ్ళీ బిగించేటప్పుడు ఒకటి సరిగ్గా కూర్చోకపోతే ల్యాప్‌టాప్ పెట్టె పక్కన బ్రహ్మాండంగా పనిచేస్తుంది, గది దాటితే నీరుగారిపోతుంది. హింజ్ దగ్గర తీగ నలిగితే ఇంకో తమాషా, మూత ఒక కోణంలో ఉన్నప్పుడు సిగ్నల్ బాగుంటుంది, ఇంకాస్త వెనక్కి వంచితే పడిపోతుంది. పింగ్ నడుస్తుండగా మూత మెల్లగా ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. అంకెలు దాంతో పాటు గెంతుతుంటే అది సర్వీస్ సెంటర్ పనే, సాఫ్ట్‌వేర్‌తో బాగయ్యేది కాదు.

ఇంకో అనుమానితుడు టేబుల్ మీదే ఉండొచ్చు. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు, హబ్బు, డాక్ వంటివి పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ వాళ్ళే 2012లో దీనిమీద ఒక పత్రం వెలువరించారు. ఎక్స్‌టర్నల్ డిస్కు పెట్టినప్పుడే వైఫై మందగిస్తుంటే, వైర్‌లెస్ మౌస్ కూడా అప్పుడే తడబడుతుంటే, డిస్కుని కాస్త పొడుగు కేబుల్‌తో దూరం జరపండి, లేదా వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

పెట్టె సంగతికి వద్దాం. అసలు టీవీ వెనక పెట్టడమే మొదటి పొరపాటు. ఫైబర్ తీగ అక్కడికి వచ్చింది కాబట్టి, ప్లగ్ పాయింట్ అక్కడుంది కాబట్టి అక్కడ తగిలించి పోతారు. టీవీ వెనక భాగంలో లోహం ఉంటుంది, పక్కన సెట్‌టాప్ బాక్స్, అవతల గోడ, గోడ అవతల మీ బెడ్‌రూమ్‌లో బహుశా ఇనప బీరువా. ఇటుక గోడనైనా సిగ్నల్ కొంత దాటుతుంది గానీ ఇనప బీరువాని దాటదు, చుట్టూ తిరిగి రావాల్సిందే. కాంక్రీట్ పిల్లర్ అడ్డం వచ్చినా అంతే. పెట్టెని టీవీ పైకి, మనిషి ఎత్తులో, బెడ్‌రూమ్ తలుపు కనిపించే వైపుకి జరిపించండి. ఫైబర్ తీగని మాత్రం మీరు లాగి మడత పెట్టకండి, లోపల గాజు విరుగుతుంది. నెట్ వాళ్ళ మనిషితోనే చేయించండి.

తర్వాత, మీ పెట్టె 2.4కీ 5కీ కలిపి ఒకే పేరు ఇస్తోందా? అయితే విడదీయండి, ఒకదానికి వేరే పేరు పెట్టండి. ఒకే పేరు ఉన్నప్పుడు మీ బెడ్‌రూమ్ లాంటి సరిహద్దు ప్రదేశంలో ల్యాప్‌టాప్ 5 నుంచి 2.4కి, అక్కడ నుంచి మళ్ళీ 5కి గెంతుతూ ఉంటుంది, గెంతినప్పుడల్లా కాల్ తడబడుతుంది. నన్నడిగితే మీ ఇంట్లో జరుగుతున్నది ఎక్కువ భాగం ఇదే. విడదీశాక టేబుల్ దగ్గర 5 గిగాహెర్ట్జ్‌లో 60 శాతం పైన సిగ్నల్ ఉంటే ల్యాప్‌టాప్‌ని దానికే కట్టేసి, రెండోదాన్ని 'ఫర్గెట్' కొట్టండి. అంత లేకపోతే 2.4కి కట్టేయండి. ఏదో ఒకదాంట్లో స్థిరంగా ఉండటం ముఖ్యం.

2.4లో ఉండాల్సి వస్తే చానెల్ 1, 6, 11లో ఏదో ఒకటి ఎంచుకోండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. ఈ మూడూ ఒకదానిమీద ఒకటి పడవు. మధ్యలోని 3, 4, 8 లాంటివి పెట్టుకుంటే రెండు వైపుల పక్కింటివాళ్ళ రొదా మీకే. అపార్ట్‌మెంట్‌లో ఎన్ని నెట్‌వర్క్‌లు కనిపిస్తాయో మీకు తెలుసు. 12, 13 వద్దు, పెట్టె ఆటోలో ఉండి వాటికి వెళ్తే కొన్ని ల్యాప్‌టాప్‌లకి నెట్‌వర్క్ కనిపించనే కనిపించదు, ఫోన్‌కి కనిపిస్తుంది. 5లో అయితే 36 నుంచి 48 లోపు, లేదా 149 నుంచి 161 లోపు పెట్టండి. మధ్యలోని 52 నుంచి 144 దాకా ఉన్న చానెళ్ళని రాడార్లు కూడా వాడతాయి. రాడార్ ఉందనిపిస్తే రూటర్ వెంటనే ఆ చానెల్ ఖాళీ చేసి వేరేదానికి పోతుంది. మీకు మాత్రం వైఫై ఉన్నట్టుండి మాయమై కాసేపటికి ప్రత్యక్షమైనట్టు ఉంటుంది. సెక్యూరిటీ (వైఫై పాస్‌వర్డ్ రక్షణ రకం) డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టండి. పాత టీకేఐపీ ఉంటే స్పీడు 54 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది.

ఒకవేళ పింగ్‌లో బయటి దారే తెగుతోందని తేలితే, లేదా రెండు కిటికీలూ నిమిషం పైగా ఆగిపోతుంటే, పెట్టె స్టేటస్ పేజీలో 'అప్‌టైమ్' చూడండి. మీరు ఆపకుండానే అది గంటా రెండు గంటలే చూపిస్తుంటే పెట్టె తనంతట తాను రీస్టార్ట్ అవుతోంది. చాలాసార్లు దానికి కారణం ముసలిదైన 12 వోల్టుల అడాప్టర్. ఎల్ఓఎస్ అన్న ఎర్ర లైటు మినుకుమంటే ఫైబర్‌లో వెలుతురు అందడం లేదు. అదే పేజీలో 'ఆర్ఎక్స్ పవర్' (ఫైబర్‌లో అందే వెలుతురు బలం) -27 డీబీఎం కంటే కిందికి, అంటే -28, -29 చూపిస్తుంటే ఫోటో తీసి నెట్ వాళ్ళకి పంపండి. స్పీడ్ టెస్ట్ చూపించి తప్పించుకోవడం అప్పుడు కుదరదు.

ఎక్స్‌టెండర్ కొనమని ఎవరో చెప్పారని చివర్లో రాశారు. బెడ్‌రూమ్‌లో, సిగ్నల్ ఇప్పటికే నీరసంగా ఉన్నచోట పెట్టే ఎక్స్‌టెండర్ ఆ నీరసాన్నే మళ్ళీ పంచుతుంది. ఒకే బ్యాండ్‌లో తీసుకుని ఇచ్చేదైతే స్పీడు దాదాపు సగమవుతుంది. ఆ డబ్బు పెట్టి హాల్లోంచి బెడ్‌రూమ్‌కి క్యాట్ 6 కేబుల్ (నెట్ తీగ) లాగించండి, ల్యాప్‌టాప్‌కి ల్యాన్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ దొరుకుతుంది. గోడలు తవ్వక్కర్లేదు, స్కర్టింగ్ వెంబడి పీవీసీ పట్టీలో పోతుంది. అద్దె ఇల్లయినా ఓనరు గారు ఏమీ అనరు. రోజంతా కాల్స్ మీద ఉండేవాళ్ళకి నేను ఇచ్చే సలహా ఇదే, వైఫై ఎంత బాగున్నా సరే. కార్డుదే తప్పని తేలి, కేబుల్ వద్దనుకుంటే 5 గిగాహెర్ట్జ్ ఉన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ చాలు, ల్యాప్‌టాప్ మార్చక్కర్లేదు.

పింగ్ రెండు కిటికీల ఫలితం, టేబుల్ దగ్గరా హాల్లోనూ సిగ్నల్ శాతం, రిసీవ్ రేట్, డివైస్ మేనేజర్‌లో కనిపించే కార్డు పేరు, యూఎస్‌బీ టెథరింగ్‌తో ఒక పూట చూస్తే ఏమైందో రాయండి. ల్యాప్‌టాప్ విప్పించిన సంగతి ఉంటే అదీ రాయండి. అప్పటిదాకా షాపు వాళ్ళకి ల్యాప్‌టాప్ ఇవ్వకండి.